పైగా సమాధులు – గచ్చులో దాగిన శ్రమ

భూస్వామ్య యుగపు కట్టడాల పట్ల మన సాహిత్యంలో రెండు ధోరణులు కనబడుతున్నాయి. గత వైభవాన్ని తలచుకొని నిట్టూర్చడం ఒకటి. ప్రభువులవి గనుక మనకెందుకని తోసిపుచ్చడం రెండవది. రెండూ కట్టడాన్ని చూడకుండా మాట్లాడేవే. హైదరాబాదులోని పైగా సమాధులను ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలించదలచాను.

నిజాం తరువాత అంతటి ప్రభువులు పైగాలు. 18వ శతాబ్దంలో నిజాం అలీఖాన్ కొలువులో సేనానిగా పైకి వచ్చిన అబుల్ ఫతే ఖాన్ తేగ్‌జంగ్ ఈ వంశానికి ప్రతిష్ఠ తెచ్చాడు. నిజాం సొంత సైన్యాన్ని పోషించేందుకు ఇచ్చినవే పైగా జాగీర్లు. అవి పెరిగి పెరిగి సుమారు 4,000 చదరపు మైళ్ళకు విస్తరించాయి. పైగా ప్రభువులు నిజాం కుమార్తెలను వివాహమాడారు. ఆస్మాన్ జా, వికారుల్ ఉమ్రా ప్రధానమంత్రులయ్యారు. ఫలక్‌నుమా కట్టించింది వికారుల్ ఉమ్రాయే. అయితే వీరందరినీ ఒకే గాటన కట్టడం కూడా చరిత్ర కాదు. రెండవ షంసుల్ ఉమ్రా ఫక్రుద్దీన్ ఖాన్ పాశ్చాత్య శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేసి, సొంత లితో ముద్రణాలయంలో అచ్చు వేయించాడు.

చార్మినారుకు ఆగ్నేయంగా, పిసల్‌బండ వద్ద ఉన్న ఈ శ్మశానవాటిక 18వ శతాబ్ది చివర మొదలై, 19వ శతాబ్దమంతా పెరుగుతూ వచ్చింది. కుతుబ్‌షాహీ సమాధుల మాదిరి పెద్ద గుమ్మటాలు ఇక్కడ లేవు. పెక్కు సమాధులు పైకప్పు లేని ఆవరణల్లో, ఆకాశం కిందనే ఉన్నాయి. చుట్టూ కమానులు, వాటి నడుమ జాలీ తెరలు. ఒక జాలీలోని అల్లిక మరొక జాలీలో కనిపించదు. ఒకదానిలో నక్షత్రాలు, ఒకదానిలో తీగలు, ఒకదానిలో షట్కోణాలు. మొగలు, పారశీక, రాజపుత్ర, దక్కనీ పద్ధతులన్నీ ఇక్కడ కలిశాయి. పాలరాతి సమాధుల చుట్టూ ఈ పనితనంలో అధిక భాగం గచ్చుతో చేసిందే. సున్నపురాయి కాల్చాలి, నానబెట్టాలి, గానుగలో మెత్తగా నూరాలి. పూత పచ్చిగా ఉండగానే తీగ తీర్చాలి. ఆరిందంటే చేయి సాగదు.

ఈ చేతులెవరివి? నేను చదివిన వాటిలో కట్టించినవారి బిరుదులు వరుసగా ఉన్నాయి గాని, జాలీ మలచిన మేస్త్రీ పేరు ఒక్కటీ కనిపించలేదు. ఆ పనికి డబ్బు వచ్చింది గ్రామాల శిస్తు నుంచి. ఆ రైతు పేరు అడిగేవారే లేరు.

ఇక్కడ మా పల్నాడు ఒక పోలిక అందిస్తోంది. మా వెల్దుర్తి ప్రాంతానికి దాపున ఉన్న నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి ఛాయాస్తంభాలు బయటపడ్డాయి. అవి పల్నాటి సున్నపురాతిలో చెక్కిన స్మారకాలు. వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, అతని తండ్రి శాంతమూలుని స్మృతికి రాజకుటుంబంలోని స్త్రీలు ఒక స్తంభం నిలిపారు. అదే లోయలో యుద్ధంలో పడిన సైనికులకూ, ఒక శిల్పాచార్యునికీ స్తంభాలున్నాయి. అంటే 3, 4 శతాబ్దాల్లోనే చేతిపనివానికి రాతిలో ఇంత చోటు దొరికింది. పదిహేను వందల ఏళ్ళ తరువాత ఆ చోటు లేకపోయింది. కాలం గడిచినకొద్దీ సమాజం తనంతట తానే ముందుకు పోతుందనుకునేవారు దీన్ని ఆలోచించాలి.

జాగీర్లు 1949లో రద్దయ్యాయి. జాలీలు కొన్ని విరిగాయి, గచ్చు పెచ్చులూడింది. ఇటీవలి కాలంలో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు మరమ్మతులు చేపట్టింది. పాత పద్ధతిలో సున్నం పని తెలిసినవారు ఉంటేనే ఈ మరమ్మతు సాధ్యం. ఆ విద్య ప్రభువుల వారసత్వం కాదు, పనివారిది. కనుక దాన్ని కాపాడుకోవడం మన బాధ్యత.

యువ రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ నా మనవి ఒక్కటే. ఆ ఆవరణలో నిలబడి రాసేటప్పుడు నవాబు పేరుతో పాటు సున్నం నూరిన గానుగనూ రాయండి. అందాన్ని ఒప్పుకోండి, అది ఎవరి ఖర్చుతో వచ్చిందో కూడా చెప్పండి. ఒకటి వదిలి రెండోది రాస్తే అది సగం విమర్శే అవుతుంది.