ఐస్ హాకీ రూకీ శిబిరం: డ్రాఫ్ట్ తర్వాత మొదలయ్యే అసలు పరీక్ష

ఏటా సెప్టెంబరు మధ్యలో ఉత్తర అమెరికాలోని వృత్తి హాకీ క్లబ్బులు తమ యువ క్రీడాకారులను కొద్ది రోజుల శిబిరానికి పిలుస్తాయి. నేషనల్ హాకీ లీగ్ కొత్త సీజన్ కోసం సీనియర్లు శిక్షణ ప్రారంభించడానికి ముందే ఇది ముగిసిపోతుంది. దీన్నే రూకీ శిబిరం అంటారు. వృత్తి క్రీడలో తొలి అడుగు వేయబోతున్న పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల యువకులే ఇందులో ఎక్కువగా కనిపిస్తారు.

మన దేశంలో హాకీ అనగానే పచ్చని మైదానం గుర్తుకు వస్తుంది. కెనడా, అమెరికాలలో ఆ మాటకు అర్థం ఐస్ హాకీ. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉన్న మంచు పలకపై క్రీడాకారులు స్కేట్లు ధరించి, బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్లతో ఆడతారు. గోల్ కీపర్‌తో కలిపి ఒక్కో పక్షాన ఆరుగురు బరిలో ఉంటారు. వేగంతో పాటు శరీర బలం కూడా ఈ ఆటలో కీలకం. నిబంధనలకు లోబడి ప్రత్యర్థిని భుజంతో ఢీకొనడం ఆటలో భాగమే.

లీగ్‌లో 32 క్లబ్బులున్నాయి. కొత్త ప్రతిభను పంచుకునేందుకు ఏటా డ్రాఫ్ట్ నిర్వహిస్తారు. ఏడు విడతల్లో మొత్తం 224 మంది యువకులను క్లబ్బులు వరుసగా ఎంచుకుంటాయి. అయితే సీజన్ ప్రారంభంలో ఒక్కో జట్టులో గరిష్ఠంగా 23 మందికే స్థానం ఉంటుంది. అంటే లీగ్ మొత్తం మీద ఉన్న స్థానాలు 736 మాత్రమే. వాటిలో అత్యధికం అప్పటికే సీనియర్ల చేతిలో ఉంటాయి. పైగా ఏ క్లబ్బూ ఒకే సమయంలో 50కి మించి ఒప్పందాలు కలిగి ఉండరాదు. డ్రాఫ్ట్‌లో పేరు వినిపించడం ఒక గౌరవమే కానీ, ఉద్యోగ హామీ కాదు. ఎంపికైన యువకుడిపై క్లబ్బుకు ఉండే హక్కు సైతం పరిమిత కాలానికే వర్తిస్తుంది. ఆలోగా ఒప్పందం కుదరకపోతే అతడు మళ్లీ మొదటి మెట్టు నుంచి ప్రయత్నించవలసి వస్తుంది.

యువకుల కోసం సాధారణంగా రెండు రకాల శిబిరాలు జరుగుతాయి. డ్రాఫ్ట్ ముగిసిన వెంటనే, వేసవిలో జరిగేది అభివృద్ధి శిబిరం. అక్కడ స్కేటింగ్ మెళకువలు, వ్యాయామం, ఆహార నియమాల వంటివి నేర్పుతారు. సెప్టెంబరులో జరిగే రూకీ శిబిరం స్వభావం వేరు. ఇక్కడ బోధన తక్కువ, పరిశీలన ఎక్కువ. ఇరుగుపొరుగు క్లబ్బుల యువ జట్లతో మ్యాచ్‌లు కూడా ఏర్పాటు చేస్తారు. వాంకూవర్ కనక్స్ క్లబ్బు 2010లో బ్రిటిష్ కొలంబియాలోని పెంటిక్టన్ పట్టణంలో ప్రారంభించిన యంగ్ స్టార్స్ పోటీలు ఇందుకు పేరొందిన ఉదాహరణ. ఎడ్మంటన్, కాల్గరీ, విన్నిపెగ్ క్లబ్బుల యువకులు కూడా ఆ పోటీల్లో తలపడ్డారు.

శిబిరానికి వచ్చేవారంతా ఒకే స్థితిలో ఉండరు. మొదటి విడతలో ఎంపికైన యువకుడిపై క్లబ్బు ఆశలు, అభిమానుల దృష్టి రెండూ ఉంటాయి. చివరి విడతల్లో ఎంపికైనవాడు తనను గుర్తుంచుకునేలా ఆడాలి. వీరు గాక, ఏ క్లబ్బూ ఎంచుకోని కొందరు కేవలం ఆహ్వానంపై వస్తారు. చేతిలో ఒప్పందం లేని వారికి ఈ రెండు మూడు మ్యాచ్‌లే దరఖాస్తు.

శిక్షకులు గోల్స్ మాత్రమే లెక్కించరు. పక్ చేజారిన వెంటనే క్రీడాకారుడు ఎంత వేగంగా వెనక్కి వచ్చాడు, బలమైన ప్రత్యర్థి మీదికి వచ్చినప్పుడు తడబడ్డాడా, నిన్న చెప్పిన సవరణను నేడు ఆచరణలో పెట్టాడా అన్నవి గమనిస్తారు. జూనియర్ లీగ్‌లో సులువుగా గోల్స్ చేసిన యువకుడికి ఇక్కడ ఆలోచించే వ్యవధి తగ్గిపోతుంది. ఆ ఒత్తిడిలో అతని నిర్ణయాలు ఎలా ఉంటాయో తెలుసుకోవడమే శిబిరం ఉద్దేశం.

ఇక్కడ మెప్పించినవారిని సీనియర్లతో కలిసి ప్రధాన శిక్షణకు అనుమతిస్తారు. అక్కడి నుంచి నేరుగా జట్టులోకి వెళ్లేవారు అతి కొద్దిమంది. ఇరవై ఏళ్లు నిండనివారిలో చాలామంది కెనడా జూనియర్ లీగ్‌లకు తిరిగి వెళతారు. వయసు, ఒప్పందం రెండూ ఉన్నవారు అనుబంధ క్లబ్బులుండే అమెరికన్ హాకీ లీగ్‌లో రాటుదేలుతారు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వారి విషయంలో మరో లెక్క ఉంది. వారు సీజన్‌లో పది మ్యాచ్‌లు ఆడకపోతే తొలి ఒప్పందంలో ఆ ఏడాది ఖర్చు కాకుండా ముందుకు జరుగుతుంది. అందుకే బాగా ఆడుతున్న కుర్రవాడిని సైతం తొమ్మిది మ్యాచ్‌ల తర్వాత వెనక్కి పంపే సందర్భాలుంటాయి.

ఈ సుదీర్ఘ మార్గాన్ని అర్థం చేసుకోవడానికి పంజాబీ మూలాలున్న అర్ష్‌దీప్ బైన్స్ ప్రస్థానం ఉపకరిస్తుంది. కెనడాలోని సర్రే నగరానికి చెందిన బైన్స్‌ను డ్రాఫ్ట్‌లో ఏ క్లబ్బూ ఎంచుకోలేదు. అతడు 2021-22 సీజన్‌లో రెడ్ డీర్ రెబెల్స్ తరఫున 43 గోల్స్, 69 అసిస్టులతో మొత్తం 112 పాయింట్లు సాధించి వెస్టర్న్ హాకీ లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. 2022లో వాంకూవర్ కనక్స్ అతనితో ఒప్పందం చేసుకుంది. అయినా వెంటనే పెద్ద జట్టులో చోటు దక్కలేదు. అనుబంధ జట్టు అబాట్స్‌ఫర్డ్ కనక్స్‌కు ఆడుతూ ఎదిగి, 2024 ఫిబ్రవరిలో నేషనల్ హాకీ లీగ్‌లో అరంగేట్రం చేశాడు. 2025లో అబాట్స్‌ఫర్డ్ జట్టు కాల్డర్ కప్ గెలిచినప్పుడు బైన్స్ ఆ జట్టు సభ్యుడు. అప్పటి ప్రధాన శిక్షకుడు మానీ మల్హోత్రా కుటుంబ మూలాలు కూడా దక్షిణాసియాలోనే ఉన్నాయి. 1998 డ్రాఫ్ట్‌లో మల్హోత్రా ఏడవ స్థానంలో ఎంపికయ్యాడు. వేర్వేరు ద్వారాల గుండా వచ్చిన ఇద్దరూ ఒకే జట్టులో కలుసుకున్నారు.

మైదాన హాకీలోనూ యువకులకు ఇటువంటి అవకాశం అవసరమని మన దేశం గుర్తించింది. 2024 డిసెంబరులో పునఃప్రారంభమైన పురుషుల హాకీ ఇండియా లీగ్‌లో ప్రతి జట్టులోని 24 మందిలో కనీసం నలుగురు జూనియర్లు ఉండాలన్న నిబంధన పెట్టారు. ఆ సీజన్‌లో ఫైనల్ చేరిన హైదరాబాద్ తూఫాన్స్‌కూ ఇదే నియమం వర్తించింది. సీనియర్లతో కలిసి సాధన చేసే అవకాశం ఆ విధంగా జూనియర్లకు దక్కింది.

రూకీ శిబిరం ముగిశాక క్లబ్బులు వెనక్కి పంపినవారి పేర్లు ప్రకటిస్తాయి. అది పరాజితుల జాబితా అని భావించడం సరికాదు. ఎవరు ఎక్కడ ఆడాలి, ఏ లోపం సరిదిద్దుకోవాలి అన్నది క్లబ్బు ఆ దశలో తేల్చి చెబుతుంది. ఆ సూచనతో తిరిగి వెళ్లిన యువకుడు మరుసటి సెప్టెంబరుకు ఏం మార్చుకుని వస్తాడన్నదే అతని భవితను నిర్ణయిస్తుంది.