కథ అని వెతికితే కధ

పాత తెలుగు పుస్తకాలన్నీ నెట్‌లో ఉచితంగా ఉన్నాయంటారు. అన్నీ కాకపోయినా వేలల్లో ఉన్న మాట నిజమే. చిక్కల్లా వాటిని దొరకబుచ్చుకోవడంలోనే.

ఇవి ఎక్కడివి? చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయించే పనికి పూనుకున్నారు. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అయింది. బెంగళూరు ఐఐఎస్సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో పాలుపంచుకున్నాయి. తర్వాత ఆ సైటు మూతపడినా, చాలా పుస్తకాల నకళ్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి బతికాయి.

స్కానింగ్ అంటే పుటకు ఫొటో తీయడమే. అందులో ఏముందో కంప్యూటర్‌కు తెలియదు. మనిషి టైపు చేసిన పేరే దానికి ఆనవాలు. ఆ పేర్లు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నాయి, అదీ ఎవరికి తోచినట్టు వాళ్లు. 'ఆంధ్ర'కు ఒకరు ఒక 'ఎ' పెడితే మరొకరు రెండు పెట్టారు. 'వీరేశలింగం' మొదట్లో ఒకచోట 'ఐ', ఇంకోచోట రెండు 'ఈ'లు. అందుకే ఒక్క స్పెల్లింగుతో వెతికి లేదనుకోకూడదు. పాత పేర్లు 'చరిత్రము', 'శాస్త్రము' అని ముగుస్తాయి కాబట్టి, మాట మొదలు మాత్రం కొట్టి చివర నక్షత్రం గుర్తు పెడితే మేలు.

ఫొటోలోని అక్షరాలను యంత్రమే చదువుకోవచ్చు కదా? ఆ పనిచేసే సాఫ్ట్‌వేర్‌ను ఓసీఆర్ అంటారు. దానికి ఇంగ్లిష్ కంటే తెలుగు కష్టం. ఇంగ్లిష్ అక్షరాలు దాదాపు ఒకే వరసలో నడుస్తాయి. మన 'స్త్రీ'లో గుడిదీర్ఘం పైన, ఒత్తులు కింద, మూడంతస్తుల మేడ. పైగా 'థ'కూ 'ధ'కూ తేడా నడుమ ఒక్క చుక్కే. పాత అచ్చులో సిరా అలుక్కుపోతే 'కథ' కాస్తా 'కధ' అవుతుంది. మనలోనే చాలామంది అలా రాస్తారు, యంత్రాన్ని అని ఏం లాభం!

నన్నడిగితే పరిశోధకులు ముందు శోధగంగకు వెళ్లాలి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఈ భాండాగారంలో మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు అధ్యాయాల వారీగా దొరుకుతాయి. మీ విషయం మీద వచ్చిన గ్రంథం తెరిచి, చివర ఉపయుక్త గ్రంథసూచి చూడండి. ఏ పుస్తకం పేరు వెతకాలో అక్కడ తెలుస్తుంది.

నెట్‌లో తెరిచి ఉన్న పుస్తకాలన్నీ తిరిగి అచ్చువేసుకోదగ్గవి కావు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. గురజాడ 1915లో, వీరేశలింగం 1919లో పోయారు కాబట్టి వాళ్ల రచనలు అందరివీ. ఆ తర్వాతి ముద్రణకు ఇంకొకరు రాసిన పీఠిక, వ్యాఖ్య సంగతి వేరు. అందుకని ముద్రణ సంవత్సరం వేసిన పుట చూసుకోవాలి. పాత పుస్తకాల్లో ముందు చిరిగేది ఆ పుటే.