దాపరికము లేని యంత్రము

వాల్వు రేడియోలు ఇండ్లలో నున్న దినములలో, వెనుకటి అట్ట విప్పినచో పెక్కు పెట్టెల లోపల ఏ వాల్వు ఎచట నుండవలెనో చూపు పటమో, సర్క్యూటు బొమ్మయో అతికించి యుండెడిది. దానిని చూచి రేడియో మెకానిక్కు చెడిన భాగమును పోల్చుకొనెడివాడు. చేతిపని యందు ఆసక్తిగల కుఱ్ఱవాడు ఆ బొమ్మనే గురువుగా నెంచుకొని తానును ఒక చిన్న సెట్టు కట్టుకొనెడివాడు. నేడు మన యిండ్లలోని అనేక యంత్రములలో అట్టి బొమ్మ కానరాదు. వస్తువు మనది, దాని మర్మము మాత్రము మనది కాదు.

ఈ స్థితికి ఎదురు నిలిచిన యొక పద్ధతిని గూర్చి ఇచట వివరింప నెంచితిమి. దీనిని ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ అందురు. యంత్రమును అమ్ముటతో సరిపుచ్చక, దాని సర్క్యూటు బొమ్మను, పలకపై రాగిదారుల అమరికను, విడిభాగముల పట్టికను గూడ లోకమునకు వెల్లడి చేయుట దీని లక్షణము. ఎవరైనను వానిని చదువవచ్చును, మార్చవచ్చును, అటులనే చేసి అమ్ముకొనవచ్చును.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము ఆర్డుయినో. ఉత్తర ఇటలీలో ఇవ్రేయా అను చిన్న పట్టణము కలదు. టైపురైటర్లకు పేరొందిన ఒలివెట్టి కంపెనీకి అది పుట్టినిల్లు. 2000 తరువాతి సంవత్సరములలో అచట ఇంటరాక్షన్ డిజైన్ నేర్పు సంస్థ యొకటి నడచినది. అందలి విద్యార్థులలో పెక్కుమంది ఇంజనీర్లు కారు. దీపమును వెలిగించుటకును, మోటారును త్రిప్పుటకును వారికొక చిన్న కంప్యూటరు పలక కావలసి వచ్చెను. అప్పుడు దొరకెడి పలక వెల ఇంచుమించు 100 డాలర్లు, విద్యార్థికది భారము. హెర్నాండో బరగాన్ అను కొలంబియా దేశపు విద్యార్థి తన చదువులో భాగముగా 2003లో ‘వైరింగ్’ అను సులభమైన పలకను రూపొందింప నారంభించెను. ఆ బాటలోనే, మరింత చౌకయైన చిప్పుతో, 2005లో మాసిమో బాంజీ, డేవిడ్ కువార్తియెల్యెస్, టామ్ ఐగో, జాన్‌లూకా మార్టినో, డేవిడ్ మెలిస్ అనువారు ఆర్డుయినోను నిర్మించిరి. ఆ పేరు ఆ ఊరి పానశాల యొకదానిది; పానశాలకో, 1002లో ఇటలీకి రాజైన ఆర్డుయిన్ వలన వచ్చినది.

వారు బొమ్మలను వెల్లడించుటకు కేవలము ఔదార్యమే కారణము కాదు. ఆ సంస్థ ధనము లేక మూతపడు స్థితికి వచ్చినది. సంస్థతోపాటు తమ శ్రమయు మాయమగునేమో, లేదా మఱెవరైనను దానిని స్వంతము చేసికొందురేమో అని వారు శంకించిరి. అందరికి ఇచ్చివేసిన దానిని ఒక్కడు అపహరింప లేడు కదా! కావున లోకమునకే ఇచ్చివేసిరి.

ఇక పలక పని చేయు విధము. 2010లో వెలువడిన ఆర్డుయినో ఊనో పలకపై నున్న చిప్పు క్షణమునకు 1 కోటి 60 లక్షల స్పందనలతో నడచును. దాని జ్ఞాపకస్థానము 32 కిలోబైట్లు మాత్రమే. ఇంటి కంప్యూటరులో వ్రాసిన ఆదేశములను ఒక తీగ ద్వారా దానికి పంపుదుము. తీగ తీసివేసినను అది ఆ ఆదేశములను మఱువదు.

ఒక ఎల్‌ఇడి దీపమును వెలిగించుట తొలి పాఠము. పలక ఇచ్చునది 5 వోల్టులు. ఎఱ్ఱని ఎల్‌ఇడికి సుమారు 2 వోల్టులు చాలును. మిగిలిన 3 వోల్టులను 220 ఓముల రెసిస్టరు భరించినచో, 3ని 220తో భాగింపగా సుమారు 14 మిల్లీఆంపియర్ల విద్యుత్తు ప్రవహించును. రెసిస్టరు లేనిచో దీపము మాడిపోవచ్చును, పలకయు చెడవచ్చును. రెండవ పాఠమునకు వెలుతురును బట్టి నిరోధము మారు చిన్న బిళ్లను, దానికి జతగా మఱియొక రెసిస్టరును చేర్చవలెను. అవి కలియు చోటి వోల్టేజీని పలక 0 మొదలు 1023 వరకు గల అంకెగా చదువును. అంకె ఒక హద్దు దాటగానే దీపము వెలుగవలెనని ఆదేశించినచో, సంధ్య చీకట్లు క్రమ్ముటతోడనే దీపము తానై వెలుగును. అయితే గోడలోని 230 వోల్టుల తీగను ఈ పలకకు నేరుగా తగిలింపరాదు, ప్రాణాపాయము.

అంతయు ఇచ్చివేసినచో చేసినవారికి బ్రతుకుదెరువేమని మీరడుగవచ్చును. బొమ్మ అందరిది; పేరు మాత్రము వారిదే. అదే పలకను ఎవరైనను చేయవచ్చును గాని ఆర్డుయినో అను పేరుతో అమ్మరాదు. బొమ్మను మార్చి పంచువాడు తన మార్పులను గూడ అదే షరతుపై పంచవలెను.

ఈ మార్గమున చిక్కులు లేకపోలేదు. న్యూయార్కు నగరపు మేకర్‌బాట్ కంపెనీ మొదట తన త్రీడీ ప్రింటర్ల బొమ్మలను వెల్లడించి, 2012లో వచ్చిన కొత్త యంత్రముతో వానిని దాచుకొన మొదలిడినది. ఆ ప్రింటర్లకు మెఱుగులు దిద్ది ఉచితముగా ఇచ్చిన ఔత్సాహికులు పెక్కురు నొచ్చుకొనిరి. 2025 అక్టోబరులో క్వాల్‌కమ్ కంపెనీ ఆర్డుయినోను తాను కొనుచున్నట్లు ప్రకటించినది. అప్పుడును పలువురు అట్టి సందేహమునే వెలిబుచ్చిరి.

మా అభిప్రాయమున కలత చెందుటకు కొంత హేతువున్నను, ధైర్యమునకును హేతువు కలదు. రేపటి యంత్రమును దాచుకొనుట యజమాని యిష్టము. కాని నిన్న పంచిన బొమ్మను వెనుకకు తీసికొనుట ఎవరి తరమును కాదు. అది ఇప్పటికే వేల చేతులలో నున్నది. ఆనాడు రేడియో పెట్టె వెనుక అతికించిన చిన్న కాగితము ఎందరినో మెకానిక్కులను చేసినది. మీ యింటి బిడ్డ పాడైన బొమ్మకారును విప్పి చూడబోయినచో, కోపగింపక ఒక స్క్రూడ్రైవరు నిండు. విప్పి చూచు హక్కును వాడుకొనెడివారు లేనిచో, ఆ హక్కు కాగితముననే నిలిచిపోవును.