గర్భసంచి తీయించే ముందు ఒక్క మాట

కాపర్ టీ సంగతి మీ అందరికీ తెలుసు. కానీ అదే ఆకారంలో, పైకి చూస్తే దానికి తోబుట్టువులా ఉండే ఇంకో పరికరం ఉందని మన ఇళ్ళల్లో చాలామందికి తెలియదు. దాన్నీ మొదట పిల్లలు పుట్టకుండా ఉండడానికే తయారుచేశారు. ఇప్పుడు డాక్టర్లు పిల్లలతో సంబంధం లేని జబ్బులకు కూడా దాన్ని మందుగా వాడుతున్నారు. పెళ్ళికాని అమ్మాయికి, కాన్పులన్నీ అయిపోయిన నడివయసు తల్లికి, ముట్లుడిగిన పెద్దావిడకి కూడా పనికొచ్చే మందు అది. దాని గురించి దేశంలో అందరికంటే ముందు తెలుసుకోవాల్సింది మన తెలుగువాళ్ళమే.

ఎందుకంటారా? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద వందకి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ వందకి ఎనిమిది మందికి పైనే. ఈ లెక్కలో దేశంలోకెల్లా ముందున్నది మన రెండు రాష్ట్రాలే. ఎందుకు తీయించుకున్నారని అడిగితే ఎక్కువమంది చెప్పిన కారణం నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువ కావడం, నొప్పి. నాకు ఈ అంకె చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. వీళ్ళలో ఎంతమందికి ఆపరేషన్ కాకుండా ఇంకో దారి ఉందని ఎవరైనా చెప్పారో!

మామూలుగా ఒక నెలసరిలో పోయే రక్తం 30, 40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువ కిందే లెక్క. ఇంట్లో ఎవరూ కొలిచి చూడరు కదా, గుర్తులు చూసుకోవాలి. గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి రావడం, రాత్రి నిద్రలో లేవాల్సి రావడం, పెద్ద పెద్ద గడ్డలు పడడం, వారం దాటినా ఆగకపోవడం. మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిదో తొమ్మిదో ఉంటుంది. "ఆడవాళ్ళకి ఇవన్నీ మామూలే" అని అమ్మలు, అత్తలు ఓర్చుకోమంటారు. ఓర్చుకోవాల్సిన అవసరం లేదు తల్లీ. దీనికి వైద్యం ఉంది.

అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. గర్భసంచికి లోపలివైపు ఒక మెత్తని పొర ఉంటుంది. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ దాన్ని పెంచుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే రెండో హార్మోన్ వచ్చి ఆ పెరుగుదలని అదుపులో పెడుతుంది. ఇది తగ్గిపోగానే పొర ఊడి నెలసరి వస్తుంది. నలభై దాటాక, లేదా పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉన్నప్పుడు, కొన్ని నెలల్లో అండం విడుదల కాదు. అప్పుడు ప్రొజెస్టిరాన్ కూడా తయారుకాదు. పొర పెరిగి పెరిగి మందమై, ఎప్పుడో ఒకప్పుడు విపరీతమైన బ్లీడింగ్‌తో ఊడుతుంది. మొదట చెప్పిన పరికరాన్ని గర్భసంచి లోపల పెడితే అది ఈ ప్రొజెస్టిరాన్ పని చేస్తుంది. దాని కాడలో లెవొనార్జెస్ట్రెల్ అనే మందు 52 మిల్లీగ్రాములు ఉంటుంది. మొదట్లో రోజుకి సుమారు 20 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో యాభైవేల వంతు, బయటికి వస్తుంది.

అంత కొంచెం మందు ఏం చేస్తుందని అనుకోకండి. మన అనంతపురం రైతు చీనీ తోటకి డ్రిప్పు పెడతాడు చూడండి, చేనంతా నీళ్ళు పారించకుండా చెట్టు మొదట్లోనే చుక్కచుక్కగా వదులుతాడు. ఇదీ అంతే. మాత్ర మింగితే మందు ఒళ్ళంతా తిరగాలి. ఇది కావలసిన చోటే పడుతుంది, రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. లోపలి పొర పలచబడిపోతుంది, ఊడడానికి పెద్దగా ఏమీ మిగలదు. కాపర్ టీతో బ్లీడింగ్ పెరగొచ్చు, దీంతో తగ్గుతుంది. చూడడానికి ఒకలాగే ఉన్నా పనిలో తేడా అదీ.

దీని వెనక ఫిన్లాండ్ డాక్టరు తపానీ లూకైనెన్ అనే ఆయన కృషి ఉంది. అంతకుముందు అమెరికాలో 1976లో ప్రొజెస్టిరాన్ నింపిన పరికరం ఒకటి వచ్చింది గానీ, ఏడాదికే మందు అయిపోయేది. లూకైనెన్ బృందం ఇంకా చురుకైన లెవొనార్జెస్ట్రెల్‌ని ఎంచుకుంది. అందువల్ల కొద్ది మందుతోనే ఏళ్ళ తరబడి నడుస్తుంది. 1990లో ఫిన్లాండ్‌లో మొదట అనుమతి దొరికింది. అదే ఏడు స్వీడన్ పరిశోధకులు బాగా బ్లీడింగ్ అయ్యే ఇరవై మంది ఆడవాళ్ళకి దీన్ని పెట్టి, పోయే రక్తాన్ని కొలిచి చూశారు. మూడు నెలలకి 86 శాతం, ఏడాదికి 97 శాతం తగ్గింది. అమెరికా ప్రభుత్వం 2009లో దీన్ని అధిక రక్తస్రావానికి మందుగా ఒప్పుకుంది. బ్రిటన్‌లో అయితే గర్భసంచిలో పెద్ద ఫైబ్రాయిడ్ గడ్డలేవీ లేని అధిక రక్తస్రావానికి ముందుగా చెప్పే వైద్యమే ఇది. మన దేశంలోనూ మిరెనా అనే పేరుతో దొరుకుతుంది.

ఫిన్లాండ్‌లోనే ఇంకో గొప్ప పరిశోధన జరిగింది. అధిక రక్తస్రావంతో వచ్చిన 236 మంది ఆడవాళ్ళని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి గర్భసంచి తీసేశారు, రెండో జట్టుకి ఈ పరికరం పెట్టారు. అయిదేళ్ళ తర్వాత చూస్తే రెండో జట్టులో వందకి 42 మందికి చివరికి ఆపరేషన్ చేయాల్సే వచ్చింది. ఈ మాట దాచకూడదు, ఇది అందరికీ పనిచేసే మంత్రం కాదు. కానీ మిగిలిన సగానికి పైగా ఆడవాళ్ళ ఒంటిమీద కత్తి పడలేదు. బతుకు ఎలా ఉందని అడిగితే రెండు జట్లూ దాదాపు ఒకేలా చెప్పాయి. ఖర్చు మాత్రం పరికరం జట్టుకే తక్కువైంది.

ఇంకా ఎక్కడెక్కడ పనికొస్తుందంటే, లోపలి పొర మరీ మందంగా పెరిగే ఎండోమెట్రియల్ హైపర్‌ప్లేసియాలో. కణాలు కేన్సర్ వైపు మళ్ళనంతవరకూ దీనితో పదిలో తొమ్మిది మందికి పొర మామూలు స్థితికి వస్తుంది. మధ్యమధ్యలో ముక్క తీసి పరీక్ష చేయించుకుంటూ ఉండాలి, అది మానకూడదు. ఆ పొర కణాలు గర్భసంచి కండరంలోకి చొచ్చుకుపోయే అడినోమయోసిస్‌లో, గర్భసంచి బయట అంటుకుని పెరిగే ఎండోమెట్రియోసిస్‌లో నొప్పి తగ్గుతుంది. ముట్లుడిగాక ఒంట్లో సెగలకి ఈస్ట్రోజెన్ వాడేవాళ్ళకి ఆ పొర మందం కాకుండా కాపాడుతుంది. రక్తం గడ్డకట్టని జబ్బున్న అమ్మాయిలకి, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి నెలసరి ఒక గండంగా ఉంటుంది. వాళ్ళకి ఇది పెద్ద ఊరట.

ఇక జాగ్రత్తలు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు ఎర్రమచ్చలు కనిపిస్తూ ఉంటాయి. ఈ మాట ముందే చెప్పకపోతే చాలామంది భయపడి తీయించేసుకుంటారు. ఏడాది తిరిగేసరికి అయిదుగురిలో ఒకరికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది. చెడురక్తం లోపల నిలిచిపోతోందని బెంగపడకండి. అక్కడ పొరే లేదు, నిలవడానికి రక్తమూ లేదు. ఇరవైలో ఒకరికి పరికరం జారిపోవచ్చు. రొమ్ము కేన్సర్ ఉన్నవాళ్ళు వాడకూడదు. కారణం తెలియని బ్లీడింగ్ ఉంటే ముందు స్కాన్, అవసరమైతే ముక్క పరీక్ష చేయించి ఆ తర్వాతే పెట్టాలి. పెద్ద ఫైబ్రాయిడ్ గడ్డలు గర్భసంచి లోపలి ఆకారాన్ని మార్చేస్తే ఇది సరిగా కుదరదు. ఇది ఉన్నన్నాళ్ళూ గర్భం దాదాపుగా రాదు కాబట్టి, ఇప్పుడే బిడ్డ కావాలనుకునేవాళ్ళు వేరే మందు అడగాలి. తర్వాత కావాలనుకుంటే తీయించేయడం తేలిక, గర్భం వచ్చే శక్తి ఎక్కడికీ పోదు.

నిజంగా గర్భసంచి తీయాల్సిన రోగాలూ ఉన్నాయి. కేన్సర్ వస్తే తీయాల్సిందే, అక్కడ సంకోచం తగదు. కానీ ముప్ఫై అయిదేళ్ళ మనిషికి వేరే దారులు చూడకుండా తీసేస్తే, పనిలో పనిగా అండాశయాలు కూడా తీసేస్తే, ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అనవసరపు ఆపరేషన్లను ఆపేందుకు కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలుచేయాలని సుప్రీంకోర్టు 2023లో ఆదేశించింది. జిల్లాల్లో ఈ ఆపరేషన్లను పరిశీలించే కమిటీలు ఉండాలన్నది ఆ మార్గదర్శకాల్లో ఒక భాగం.

అందుకని అమ్మలూ, అబ్బాయిలూ, మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ చీటీ రాసిచ్చారంటే, సంతకం పెట్టే ముందు డాక్టరుగారిని అడగండి: "రక్తస్రావానికి కారణం తేలిందా? మాత్రలతోనో, హార్మోన్ పరికరంతోనో తగ్గుతుందేమో చూడొచ్చా? తీయాల్సే వస్తే అండాశయాలు ఉంచుతారా?" ఆ ప్రశ్నలు ఆమె ఒక్కతే అడగలేకపోవచ్చు, భర్తో కొడుకో పక్కన కూర్చుని అడగాలి. జవాబు తృప్తిగా లేకపోతే ఇంకో డాక్టరుకి చూపించండి.