గూడెం కొత్తవీధి బరువెంత?

చింతపల్లి దాటి సీలేరు వెళ్లే దారిలో వచ్చే ఊరు గూడెం కొత్తవీధి. నోటితో అంటే ఆరక్షరాలు. అదే పేరు డేటాబేస్‌లోకి ఎక్కితే ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి.

ఒకటే పేరు, నాలుగు బరువులు
గుణింతాలు, ఒత్తులు, సున్నలు కంప్యూటర్‌కు దేనికదే లెక్క. అలా 14 గుర్తులు, నడుమ ఖాళీ ఒకటి. మొత్తం 15. 1991 నాటి భారతీయ ప్రమాణం ఇస్కీలో గుర్తుకో బైటు, కనుక 15 బైట్లు. అన్ని లిపులకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌ను దాచే పద్ధతుల్లో ఒకటైన యూటీఎఫ్-16లో 30. ఇవాళ ఎక్కువగా వాడే యూటీఎఫ్-8లో తెలుగు గుర్తుకు 3, ఖాళీకి 1, వెరసి 43. ఇంగ్లిష్ స్పెల్లింగైతే 17తో సరి!

ప్లేటు కింద పుట్టింది
ఆ యూటీఎఫ్-8ను 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలోని ఒక హోటల్లో భోజనానికి కూర్చుని, ప్లేటు కింద వేసే కాగితం మీద గీసుకున్నారు.

గుడి కూలిన వీధి
40 బైట్ల గడిలో పట్టినంత ఉంచి మిగతాది కోసేసే ప్రోగ్రాము ఉంటే సరిగ్గా చివరి గుడే ఊడుతుంది. 'వీధి' కాస్తా 'వీధ'! డేటాబేస్ ప్రోగ్రాముల్లో ఒరాకిల్ గడిని మామూలుగా బైట్లలో కొలుస్తుంది, మైఎస్‌క్యూఎల్ గుర్తుల్లో. సంతలో ఒకరు తక్కెడతో, ఒకరు మానికతో కొలిచినట్టు.

14 ప్రశ్నార్థకాలు
మైఎస్‌క్యూఎల్ పుట్టిల్లు స్వీడన్. 2018లో 8.0 వచ్చేదాకా, మనం వేరే చెప్పకపోతే పడమటి యూరప్ అక్షరాల పట్టిక లాటిన్-1లో దాచి స్వీడిష్ వరసలో పేర్చేది. అందులో తెలుగుకు చోటు లేదు. మన ఊరి పేరు 14 ప్రశ్నార్థకాలుగా మారిందంటే ఇక ఆశ వదులుకోవాల్సిందే. గీతలెక్కిన ఇంగ్లిష్ అక్షరాల పిచ్చిరాతలా కనిపిస్తే మాత్రం చాలాసార్లు బాగుచేయొచ్చు. అక్కడ చెడింది బైట్లు కాదు, చదివే పద్ధతి.

నాలుగు బైట్ల కొండ లిపులు
మైఎస్‌క్యూఎల్‌లో 'యూటీఎఫ్8' అన్న పాత గడికి గుర్తుకు 3 బైట్లే హద్దు. అసలు యూటీఎఫ్-8కి 4 దాకా కావాలి. తెలుగు 3లో ఇమిడిపోయింది కనుక లోపం మన కంటపడలేదు. ఆదిలాబాద్ గోండుల లిపి గుంజాల గోండి 2018లో, సవరల లిపి సొర సొంపెంగ్ 2012లో యూనికోడ్‌లో చేరాయి. రెండింటికీ గుర్తుకు 4 బైట్లు. 2010లో వచ్చిన 'యూటీఎఫ్8ఎంబీ4' గడిలోనే వాటికి చోటు.

విడిపోయిన కవలలు
'పైరు'లోని ఐత్వాన్ని ఒకే గుర్తుగా దాచొచ్చు, ఎత్వానికి ఇంకో గుర్తు తగిలించి రెండుగానూ దాచొచ్చు. యూనికోడ్ ఈ సదుపాయం ఇచ్చిన తెలుగు గుర్తు ఇదొక్కటే. కంటికి తేడా లేదు. బైట్లను పోల్చి వెతికే చోట మాత్రం ఒక పైరు అడిగితే రెండో పైరు దొరకదు.

ఫోన్‌ను పడగొట్టిన అక్షరం
2018 ఫిబ్రవరిలో ఒక 'జ్ఞా' ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లను మూయించింది. కంటికి కనబడని విడదీత గుర్తుతో కలిపి అందులో 5 గుర్తులు, 15 బైట్లు. 19వ తేదీన యాపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది.

పంచాయతీకో, బడికో, కాఫీ రైతుల సంఘానికో కంప్యూటర్ జాబితా చేయిస్తున్నారా? ముందు 'గూడెం కొత్తవీధి' అని ఎక్కించి, మళ్లీ తీసి చూడండి. గుడితో సహా తిరిగొస్తేనే డబ్బులివ్వండి.