తూటా కొలతల కథ

ఒకప్పుడు కొల్లేటి బాతుల వేటలో మోగినది పన్నెండు బోరు తుపాకి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు ఆ వేట చెల్లదు. 1999లో కొల్లేరు అభయారణ్యమైనది. కాని ఆ "పన్నెండు" అంటే ఏమిటి? ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోతపోస్తే, ఒక్క గుండు వ్యాసమే ఆ తుపాకి గొట్టపు వ్యాసం. రైఫిళ్లకు ఈ లెక్క లేదు. .303 అంటే అంగుళంలో వెయ్యింట 303 వంతులు.

రైఫిలు తూటాలో నాలుగు భాగాలున్నవి: ఇత్తడి తొడుగు, అందులో మందు, మూతిలో గుండు, అడుగున దెబ్బకు రగిలే చిన్న టోపీ. కాల్చిన తరువాత మిగిలేది తొడుగు మాత్రమే. దానిని మళ్లీ నింపడమే చేతితో తూటా కట్టడం. అమెరికాలో కొందరు వేటగాండ్రు తొడుగు మెడను నొక్కి సన్నం చేశారు. మందు పెద్ద తొడుగుది, గుండు చిన్నది. అందుచేత వేగం హెచ్చు. కంపెనీల పట్టికలలో లేని ఇట్టి తూటాలకు "అడవిపిల్లులు" అని పేరు. 1915 నాటి .250 సావేజ్ తొడుగునుండి పుట్టిన .22-250 అట్టిదే, రెమింగ్టన్ కంపెనీ 1965లో దానిని తన సరుకులలో చేర్చుకొన్నది.

ఈ విద్యే మనదేశంలో బ్రిటిషు ప్రభుత్వాన్ని భయపెట్టినది. సైన్యం విడిచిన మార్టిని-హెన్రీ రైఫిళ్లు .450 కొలతవి. వేట తూటాల గుండ్లను ఊడదీసి వాటికి తూటాలు కట్టుకొంటారేమోనని 1907 ప్రాంతంలో ఆ కొలత తూటాల దిగుమతిని నిషేధించారు. వెంటనే ఇంగ్లండు కంపెనీలు .465, .470 వంటి కొలతలను ముందుకు తెచ్చాయి. ఏనుగుకు ఈ తేడా తెలియదు, చట్టానికి తెలుసు.

భయం ఉత్తది కాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడిచేసి తుపాకులతోబాటు తూటాలనుకూడ పట్టుకొనిపోయాడు. సరిపడే తూటా లేని తుపాకి కర్రతో సమానం గదా! ఇషాపూరు కర్మాగారంలో .303 రైఫిళ్లను ఒక్కసారికి ఒక్క తూటాయే పట్టే .410 మస్కెట్లుగా మార్చి పోలీసులకు ఇచ్చేవారు. వాటి తూటా .303 తొడుగే, మెడ నొక్కకుండ తిన్నగా విడిచినది. 2016 ఆయుధ నియమాలు సైతం .303 సైనిక తూటా పట్టే రైఫిలు ఏ బోరుదైనా నియంత్రిత వర్గంలో ఉంచాయి.

కొలత తప్పితే ప్రమాదం కాల్చేవానికే. మందు మితిమీరినా, గుండు బిగిసినా ఒత్తిడికి గొట్టమే పగులవచ్చును. కనుక ఇది ఇంట చేసిచూడదగిన ప్రయోగం కాదు. కాగితంమీద మాత్రం ఒక లెక్క చేయవచ్చును: పౌను 453.6 గ్రాములు, సీసపు సాంద్రత 11.34 అనుకొని పన్నెండు బోరు వ్యాసం కట్టండి. సుమారు 18.5 మిల్లీమీటర్లు రావాలి.