కరెంటు తగ్గితే మోటారెందుకు కాలుతుంది?

మన తెలుగువాళ్లం ‘కరెంటు’ అనే ఒక్క మాటతో నాలుగు పనులు చేయించుకుంటున్నాం. కరెంటు పోయిందంటే సరఫరా ఆగిందని అర్థం. కరెంటు బిల్లంటే వాడుకున్న శక్తికి వెల. కరెంటు కొట్టిందంటే షాకు. కరెంటు తక్కువొస్తోందంటే వోల్టేజి పడిపోయిందని. భౌతికశాస్త్రం చెప్పే కరెంటు వేరు. తీగలో సెకనుకు ఎంత విద్యుదావేశం ప్రవహిస్తోందన్నదే అది. వాడుకభాషకు ఇది దోషం కాదనుకోండి. కాని మేడ్చల్, శామీర్‌పేట వైపు బోరున్న రైతునడిగితే “కరెంటు డిమ్ముండె, మోటరు కాలిపోయింది” అంటాడు. ఓమ్ నియమం చదివిన కొడుకు పక్కనే ఉంటే వాడికి సందేహం రావాలి. వోల్టేజి తగ్గితే ప్రవాహం తగ్గాలి, ప్రవాహం తగ్గితే వేడి తగ్గాలి. మరి మోటారు కాలడమేమిటి?

ఈ ప్రాంతంలో ఇది పుస్తకాల ప్రశ్న కాదు. ఇక్కడ పారే కాలువలు లేవు, అడుగున గ్రానైటు రాయి. చెరువులయ్యాయి, బావులయ్యాయి, చివరికి బోర్లే దిక్కయ్యాయి. అనాబ్-ఎ-షాహి ద్రాక్షతోటలకు ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పెద్ద పేరు. ఆ తోటలు చాలావరకు ప్లాట్లయినా బోర్లు మాత్రం పోలేదు. పొలానికి కాకపోతే అపార్టుమెంటుకో హాస్టలుకో నీళ్లు తోడుతున్నాయి. నీటిమట్టం దిగినకొద్దీ మోటారును ఇంకా లోతుకు దించాలి, ఇంకా ఎత్తుకు నీళ్లెత్తించాలి.

కొడుకు సందేహానికి వద్దాం. ఓమ్ నియమం ప్రకారం నడుచుకునేది నిరోధం స్థిరంగా ఉన్న తీగ. ఎలక్ట్రిక్ హీటరు దాదాపు అంతే. వోల్టేజి తగ్గితే చల్లబడి ఊరుకుంటుంది. మోటారు అలా ఊరుకోదు. దాని మీద నీళ్ల బరువుంది. తిరుగుతున్న మోటారు లోపల, బయటినుంచి వచ్చే వోల్టేజిని ఎదిరించే వోల్టేజి ఒకటి పుడుతూ ఉంటుంది. వైండింగు తీగ నిరోధం చాలా తక్కువైనా ప్రవాహం హద్దులో ఉండేది ఈ ఎదురు వోల్టేజి వల్లనే. సరఫరా వోల్టేజి తగ్గినప్పుడు మోటారు కాస్త వెనుకబడుతుంది, కాని ఎత్తాల్సిన నీళ్లు అవే. పని తగ్గలేదు, వోల్టేజి తగ్గింది కనుక ఆ లోటును ఎక్కువ ఆంపియర్లు లాగి పూడ్చుకుంటుంది. అంటే ‘కరెంటు తక్కువై’ కాలిన మోటారు నిజానికి కరెంటు ఎక్కువై కాలిందన్నమాట!

ఎంత ఎక్కువ? వోల్టేజి 20 శాతం పడిపోతే ప్రవాహం సుమారు 25 శాతం పెరుగుతుంది. జౌల్ 1840 ప్రాంతంలో కనిపెట్టిన నియమం ప్రకారం వేడి ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 1.25ను 1.25తో గుణించండి, 1.56 వస్తుంది. అంటే వైండింగులో పుట్టే వేడి సగానికి పైగా పెరిగింది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే తీగ మీది ఇన్సులేషన్ ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల ఉజ్జాయింపు లెక్క. వోల్టేజి మరీ పడిపోతే మోటారు తిరగలేక గుర్రుమంటుంది. అప్పుడు ఎదురు వోల్టేజి లేదు. మామూలుకన్నా ఆరేడు రెట్ల ప్రవాహం పోతుంది, నిమిషాల్లో వైండింగు షాపుకు దారి పట్టాల్సిందే. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా కథ ఇంచుమించు ఇదే.

స్టార్టు చేసిన క్షణంలోనూ ఇదే ఆరేడు రెట్ల ప్రవాహం ఉంటుంది. ఒక్క మోటారైతే ఫరవాలేదు. సరఫరా రాగానే ఊళ్లోని ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారే మోటార్లను లేపితే ట్రాన్స్‌ఫార్మరు ఏం కావాలి? తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత సరఫరా 2018 జనవరి 1న మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది, ముఖ్యంగా భూగర్భజలం కోసం. ట్రాన్స్‌ఫార్మరు కోసమైనా తీసేయాల్సిందే.

లో వోల్టేజికి నింద అంతా సబ్‌స్టేషను మీదే వేస్తాం గాని, కొంత మన తీగలోనే ఉంది. 5 హార్స్‌పవర్ మోటారు సుమారు 8 ఆంపియర్లు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి బోరుకు అర కిలోమీటరు దూరమని, 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ లాగారని అనుకుందాం. ఒక్కో తీగ నిరోధం 3.5 ఓములు. 8తో గుణిస్తే ప్రతి ఫేజులోనూ 28 వోల్టులు దారిలోనే హరించుకుపోయాయి. మూడు తీగలూ కలిసి వేడిగా పారబోసేది దాదాపు 670 వాట్లు, అంటే హార్స్‌పవరుకు కొంచెం తక్కువ! ఖర్చు భరించి 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఈ నష్టం నాలుగోవంతుకు దిగుతుంది. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ దాకా వచ్చిన ఎం.ఎం.టి.ఎస్. రైలు పైతీగలో 25,000 వోల్టులు ఎందుకున్నాయో ఇప్పుడు తెలుస్తుంది. వోల్టేజి 100 రెట్లయితే అదే పనికి ప్రవాహం నూరోవంతు చాలు, అదే తీగలో వేడి నష్టం పదివేలో వంతు.

స్టార్టరు డబ్బా విప్పి చూస్తే సగం పాఠం అందులోనే ఉంది. పచ్చ బటన్ నొక్కగానే టక్కుమని పట్టుకునేది విద్యుదయస్కాంతం. తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం 1820లో ఆయర్‌స్టెడ్ చూశాడే, ఆ అయస్కాంత ఫలితమే ఇది. ప్రవాహం మితిమీరితే వేడికి వంగి దాన్ని విడిపించే రెండు లోహాల పట్టీ ఉష్ణ ఫలితం. రసాయన ఫలితానికి ఇక్కడ చోటు లేదు, దాన్ని ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీలో చూసుకోవచ్చు. ఫ్యూజు కూడా ఉష్ణ ఫలితమే. మోటారుకన్నా ముందు తాను కరిగిపోవడమే దాని ఉద్యోగం. మాటిమాటికీ ఎగురుతోందని లావు రాగితీగ మెలిపెడితే ఫ్యూజు మిగులుతుంది, దాని బదులు మోటారు కరుగుతుంది.

మోటారు పోతే డబ్బుతో పోయింది. ఆ లావు తీగ వల్ల మనిషే పోవచ్చు. ఇన్సులేషన్ చెడి ఒక ఫేజు ఇనుప డబ్బాకు తగిలిందనుకోండి. భూమి గుండా తిరుగుదారి నిరోధం 5 ఓములైతే 230 వోల్టులకు 46 ఆంపియర్లు పోతాయి, సరైన ఫ్యూజు వెంటనే ఎగురుతుంది. అదే 50 ఓములైతే 4.6 ఆంపియర్లే. మోటారు మామూలుగా లాగే 8లో అది సగం పైచిలుకు మాత్రమే, మంచి ఫ్యూజైనా కదలదు. డబ్బా ప్రాణం తీసే వోల్టేజితో మౌనంగా కూర్చుని ఉంటుంది. బురదలో వట్టికాళ్లతో నిలబడి తడిచేత్తో తాకిన మనిషి శరీర నిరోధం సుమారు 1000 ఓములు, గుండె లయ తప్పడానికి ఆంపియరులో పదోవంతు చాలు.

ఈ ఎర్రనేలలు, రాతినేలలు వేసవిలో ఎండి ఎర్తింగు నిరోధాన్ని అమాంతం పెంచేస్తాయి. నీళ్లు లోతుకు పోయి మోటార్లు కష్టపడేదీ, ఊరంతా వోల్టేజి పడిపోయేదీ ఆ రోజుల్లోనే. ఎర్తింగు గుంతలో బొగ్గు, ఉప్పు వేసేది, ఎండాకాలమంతా బిందెడు నీళ్లు పోస్తూండేది అందుకే. డబ్బాలోకి ప్రవాహం కారితే ఆంపియరులో వందో వంతుల్లోనే పసిగట్టి సరఫరా ఆపే ‘ఆర్.సి.సి.బి.’ అనే స్విచ్చి ఇప్పుడు బజారులో దొరుకుతోంది. నేల ఎండినా తడిసినా అది పనిచేస్తుంది. దాని ధర ఒకసారి మోటారు రీవైండింగు చేయించే ఖర్చును మించదు.